బ్యాలెన్స్ షీట్ టాలీ అవ్వట్లేదా? అడ్జస్ట్‌మెంట్లు, బీఆర్ఎస్, ఎలాస్టిసిటీ లెక్కలు ఎక్కడ తేడా కొడతాయంటే

నీ ప్రశ్న మొత్తం చదివా తమ్ముడూ. ఇంటర్ ఎంపీసీ చేసి బీకామ్‌లో చేరావు, క్లాసులో చాలామంది సీఈసీ వాళ్ళే కాబట్టి మేడమ్ బేసిక్స్ దాటేసి నేరుగా ఫైనల్ అకౌంట్స్‌కి వెళ్ళిపోయారు, డెబిట్, క్రెడిట్ గోల్డెన్ రూల్స్ బట్టీ పట్టావు గానీ అడ్జస్ట్‌మెంట్లు (ఏడాది చివర చెయ్యాల్సిన సవరణలు) వచ్చేసరికి బ్యాలెన్స్ షీట్ ఒక్కసారి కూడా టాలీ అవ్వట్లేదు, బీఆర్ఎస్‌లో (మన బ్యాంకు లెక్కని బ్యాంకు వాళ్ళ లెక్కతో సరిచూసే పట్టికలో) ఏది కలపాలో ఏది తీసెయ్యాలో రోజుకోలా అనిపిస్తోంది, దానికి తోడు ఎకనామిక్స్‌లో ఎలాస్టిసిటీ (రేటు మారితే డిమాండ్ ఎంత మారుతుందనే) లెక్క నీకు 0.8 వస్తే నీ ఫ్రెండ్‌కి 1.25 వచ్చింది, ఎవరిది కరెక్టో తెలీదు. ఇంతే కదా. పగలు ఆడిటర్ ఆఫీసులో పని, సాయంత్రం బీకామ్ పిల్లలకి ట్యూషన్, చాలా ఏళ్ళుగా ఇదే నా బతుకు, ఈ మూడు డౌట్లు రాని బ్యాచ్ నేను చూళ్ళేదు. కాబట్టి కంగారేం లేదు, కాస్త పెద్దగా రాస్తాను, పెన్నూ పేపరూ పెట్టుకుని చదువు.

ముందు "ఇది డెబిట్టా క్రెడిట్టా, ఏ సైడు రాయాలి" అని అడగడం ఆపెయ్. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏంటంటే, ఈ విషయం పుస్తకాల్లో ఇప్పటికే ఎక్కెక్కడ రాసేశారు, ఇంకా ఎక్కడ రాయలేదు? నువ్వు అడిగిన మూడింట్లో అకౌంట్స్‌వి రెండూ దీంతోనే తేలిపోతాయి.

ట్రయల్ బ్యాలెన్స్ అంటే అన్ని ఖాతాల నిల్వల జాబితా, దాని లోపల ఉన్న ప్రతి అంకెకీ డబుల్ ఎంట్రీ అయిపోయింది, అందుకే కదా రెండు వైపులా టోటల్ కలిసింది. అంటే లోపల ఉన్నది ఏదైనా సరే ఫైనల్ అకౌంట్స్‌లో ఒకే ఒక్క చోటికి వెళ్తుంది. అడ్జస్ట్‌మెంట్ల కింద విడిగా ఇచ్చిన వాటికి ఇంకా ఎంట్రీనే పడలేదు, ఆ డెబిట్టూ క్రెడిట్టూ రెండూ నువ్వే వెయ్యాలి కాబట్టి రెండు చోట్ల రాయాలి. ఒకే ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ ట్రయల్ బ్యాలెన్స్‌లో కనిపిస్తే ఆస్తుల వైపు ఒక్క చోటే, కింద అడ్జస్ట్‌మెంట్‌గా ఇస్తే లాభనష్టాల ఖాతాలో ఇన్సూరెన్స్ నుంచి తీసివేత, ఆస్తుల్లో ఇంకోసారి. తరుగుదల లోపల ఉంటే లాభనష్టాల ఖాతాకి మాత్రమే, ఫర్నిచర్‌లోంచి మళ్ళీ తగ్గించకూడదు, ఎందుకంటే అది ఆల్రెడీ తగ్గించే ఇచ్చారు. క్లోజింగ్ స్టాక్ లోపల ఉంటే ఆస్తుల్లో మాత్రమే, ట్రేడింగ్ ఖాతాలో రాశావో అయిపోయావు. గైడుల్లో ఇవన్నీ పెద్ద టేబుల్ వేసి ఇస్తారు, ఆ టేబుల్ బట్టీ కొట్టడం దండగ, పరీక్షలో ఒక వరస గుర్తు రాకపోతే మొత్తం పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక బట్టల షాపు, 31 మార్చి 2024 నాటి ట్రయల్ బ్యాలెన్స్.

డెబిట్ వైపు: ఓపెనింగ్ స్టాక్ 40,000, కొనుగోళ్ళు 2,60,000, అమ్మకాల వాపసులు 5,000, కూలీ 18,000, సరుకు తెచ్చిన రవాణా 4,000, జీతాలు 33,000, అద్దె 24,000, ఇన్సూరెన్స్ 6,000, రానిబాకీలు 1,500, డెటార్స్ (మనకి బాకీ ఉన్నవాళ్ళు) 62,000, ఫర్నిచర్ 50,000, చేతిలో క్యాష్ 9,500, బ్యాంకులో 27,000, సొంతవాడకాలు 20,000.

క్రెడిట్ వైపు: అమ్మకాలు 3,85,000, కొనుగోలు వాపసులు 8,000, క్రెడిటార్స్ (మనం బాకీ ఉన్నవాళ్ళు) 45,000, పాత రానిబాకీల ప్రొవిజన్ (బాకీలు రాకపోవచ్చని ముందే పక్కన పెట్టింది) 2,000, కాపిటల్ 1,20,000.

రెండూ 5,60,000. కలుపుకుని చూసుకో, నా మాట నమ్మకు.

అడ్జస్ట్‌మెంట్లు: క్లోజింగ్ స్టాక్ కొన్న ధర 55,000, మార్కెట్ ధర 60,000. జీతాలు 11 నెలలవే ఇచ్చారు. ఇన్సూరెన్స్ 1 జులై 2023న ఏడాదికి కట్టింది. ఫర్నిచర్ మీద 10 శాతం తరుగుదల. ఇంకో 2,000 రానిబాకీ కొట్టెయ్యాలి, డెటార్స్ మీద 5 శాతం ప్రొవిజన్ ఉంచాలి.

నేను కావాలనే అంకెలు నేరుగా ఇవ్వలేదు, పేపర్లో కూడా ఇలాగే దాచి ఇస్తారు. 11 నెలలకి 33,000 అంటే నెలకి 3,000, మిగిలిన ఒక నెల 3,000 చెల్లించాల్సిన జీతం. ఇన్సూరెన్స్ జులై నుంచి జూన్ దాకా, మన సంవత్సరం మార్చి 31తో ఆగిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలది 1,500 ముందుగా కట్టినట్టు. స్టాక్‌కి రెండు ధరలిస్తే కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఏది తక్కువైతే అది, అంటే 55,000. ఇది మీ మేడమ్ సొంత రూలు కాదు, అకౌంటింగ్ స్టాండర్డ్ 2లో ఉన్నదే.

ట్రేడింగ్ ఖాతా ఈజీ. ఓపెనింగ్ స్టాక్ 40,000, వాపసులు పోగా కొనుగోళ్ళు 2,52,000, కూలీ 18,000, రవాణా 4,000, మొత్తం 3,14,000. అవతల వాపసులు పోగా అమ్మకాలు 3,80,000, క్లోజింగ్ స్టాక్ 55,000, మొత్తం 4,35,000. గ్రాస్ ప్రాఫిట్ 1,21,000.

లాభనష్టాల ఖాతాలో జీతాలు 33,000కి 3,000 కలిపి 36,000, అద్దె 24,000, ఇన్సూరెన్స్ 6,000లో 1,500 తీసేసి 4,500, తరుగుదల 5,000. అందరూ జారిపడేది రానిబాకీల దగ్గర, అక్కడ కాస్త ఆగు. ట్రయల్ బ్యాలెన్స్‌లో ఉన్న 1,500 లోపలిది, దానికి ఇదొక్కటే చోటు. కొత్తగా కొట్టేసే 2,000 బయటిది, ఇక్కడ కలపాలి, డెటార్స్‌లో తీసెయ్యాలి. ప్రొవిజన్ 5 శాతం దేని మీద అంటే కొట్టేశాక మిగిలిన 60,000 మీద, ఆల్రెడీ పోయిందని తేలిపోయిన 2,000 మీద మళ్ళీ అనుమానం ఏముంది, కాబట్టి 3,000. అదీ బయటిదే, ఇక్కడ కలిపి డెటార్స్‌లో తీసెయ్యాలి. పాత ప్రొవిజన్ 2,000 లోపలిది, పోయినేడు లాభంలోంచి పక్కన పెట్టిన డబ్బు, ఇక్కడ తీసెయ్యాలి, అంతే, ఇంకెక్కడా రాయకూడదు. 1,500 ప్లస్ 2,000 ప్లస్ 3,000 మైనస్ 2,000, మొత్తం 4,500. ఖర్చులన్నీ కలిపితే 74,000, నెట్ ప్రాఫిట్ 47,000.

బ్యాలెన్స్ షీట్‌లో కాపిటల్ 1,20,000కి లాభం 47,000 కలిపి సొంతవాడకాలు 20,000 తీస్తే 1,47,000, క్రెడిటార్స్ 45,000, ఇవ్వాల్సిన జీతం 3,000, మొత్తం 1,95,000. ఆస్తులు క్యాష్ 9,500, బ్యాంకు 27,000, స్టాక్ 55,000, డెటార్స్ 62,000లో 2,000, 3,000 పోగా 57,000, ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ 1,500, ఫర్నిచర్ 45,000, మొత్తం 1,95,000.

ఎంపీసీ బుర్రకి నచ్చే మాట ఒకటి చెప్తా. ఆస్తులు = కాపిటల్ + అప్పులు, ఇదొక ఈక్వేషన్, ప్రతి అడ్జస్ట్‌మెంటూ దాన్ని చెడగొట్టకుండా నడవాలి. జీతం 3,000 కలిపితే లాభం అంటే కాపిటల్ 3,000 తగ్గింది, అప్పు 3,000 పెరిగింది, సరి. తరుగుదలకి కాపిటల్ 5,000 తగ్గింది, ఆస్తి 5,000 తగ్గింది, సరి. రెండు చోట్ల అంటే ఎప్పుడూ రెండే అని కూడా పట్టుకుని కూర్చోకు. 10,000 సరుకు కాలిపోయి ఇన్సూరెన్స్ కంపెనీ 7,000 ఇస్తానంటే ట్రేడింగ్‌లో 10,000 క్రెడిట్, లాభనష్టాల్లో 3,000 నష్టం, ఆస్తుల్లో రావాల్సిన క్లెయిమ్ 7,000, మూడు చోట్లు వచ్చాయి కానీ డెబిట్ మొత్తం క్రెడిట్ మొత్తం ఒకటే.

సరే, ఇంత చేసినా టాలీ కాలేదనుకో. చాలామంది మొదట్నుంచీ మళ్ళీ చేస్తారు, అరగంట పోతుంది, అదే తప్పు అదే చోట మళ్ళీ చేస్తారు. అలా కాదు, తేడా ఎంతొచ్చిందో చూడు, అదే చెప్తుంది తప్పెక్కడో. ఇదే లెక్కలో అప్పుల వైపు 3,000 తక్కువొస్తే ఇవ్వాల్సిన జీతం లాభనష్టాల్లో రాసి అప్పుల్లో మర్చిపోయావు. లేదా కొత్త ప్రొవిజన్ డెటార్స్‌లోంచి తియ్యలేదు, అప్పుడూ ఇదే 3,000 తేడా వస్తుంది, రెండూ చూడు. అప్పుల వైపు 2,000 తక్కువైతే పాత ప్రొవిజన్ వదిలేశావు. ఆ అంకె అడ్జస్ట్‌మెంట్లలో ఎక్కడా లేదా, సగం చెయ్యి. 6,000 తేడా అంటే సగం 3,000, జీతానికి కలపాల్సింది తీసేసి ఉంటావు. 40,000 అంటే సగం 20,000, సొంతవాడకాలు కాపిటల్‌లో తియ్యడానికి బదులు కలిపేశావు. సగమూ కుదరకపోతే 9తో భాగించి చూడు, శేషం లేకుండా పోతే అంకెలు తిరగరాసి ఉండొచ్చు, 4,500 బదులు 5,400 రాస్తే తేడా 900. ఎందుకు 9 అంటే పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే వస్తుంది, 10a + b లోంచి 10b + a తీసి చూసుకో, నీకు చెప్పక్కర్లేదు. ఈ వరసలోనే చూడు, ముందు మొత్తం అంకె, తర్వాత సగం, ఆ తర్వాతే 9.

కానీ టాలీ అయిందంటే లెక్క కరెక్ట్ అనుకోవద్దు. ప్రొవిజన్ 62,000 మీద వేసి 3,100 రాశావనుకో, రెండు చోట్లా అదే రాస్తావు కాబట్టి 1,94,900 దగ్గర చక్కగా టాలీ అయిపోతుంది. స్టాక్ 60,000 తీసుకుంటే 2,00,000 దగ్గర టాలీ అవుతుంది, చూడ్డానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది కూడా. అందుకే వర్కింగ్ నోట్స్ రాయమని తిడుతూ ఉంటా మా పిల్లల్ని, జీతం ఎలా వచ్చింది, ప్రొవిజన్ ఎలా వచ్చింది రెండు లైన్లు రాస్తే చివరి అంకె తప్పినా దిద్దేవాళ్ళకి నీకు విషయం తెలుసని కనిపిస్తుంది. ఇంకో మాట, టాలీ కాకపోతే తేడాని సస్పెన్స్ అని రాసేసి మూసెయ్యకు, తప్పుల సవరణ చాప్టర్లో దానికి చోటుంది, ఫైనల్ అకౌంట్స్ లెక్కలో అలా రాస్తే నాకు చేతకాలేదు అని సంతకం పెట్టినట్టే.

అమీర్‌పేట వెళ్ళి ట్యాలీ కోర్స్ చేస్తే ఇదంతా అక్కర్లేదు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఒంటికాలి ఎంట్రీ వెయ్యనివ్వదు, కాబట్టి మామూలుగా టాలీ కాకపోవడం అన్నదే ఉండదు. కానీ ప్రీపెయిడ్ ఎంతో దానికి తెలీదు, నువ్వు చెప్పాలి. ఆఫీసుకి వచ్చే కొత్త పిల్లలు ఎంట్రీలు స్పీడుగా కొడతారు గానీ మార్చి నెలాఖరు ఎంట్రీలు ఏమెయ్యాలి అంటే మొహాలు చూసుకుంటారు.

ఇక బీఆర్ఎస్. పార్టీ గొడవ కాదులే, బ్యాంక్ రికన్సిలియేషన్. ఒకే అకౌంటు గురించి ఇద్దరు రాస్తున్నారు, నీ క్యాష్‌బుక్‌లో నువ్వు, పాస్‌బుక్‌లో బ్యాంకు. ఒకరికి తెలిసిన కబురు ఇంకొకరికి ఇంకా చేరలేదు, తేడా అంతా అదే. కాబట్టి ప్రతి ఐటమ్ దగ్గరా ఎవరికి తెలీదు అని అడుగు. పై షాపు క్యాష్‌బుక్ ప్రకారం బ్యాంకులో 27,000. మనం ఇచ్చిన 8,000 చెక్కు అవతలి వాళ్ళు ఇంకా బ్యాంకులో వెయ్యలేదు, మనం తగ్గించేశాం, బ్యాంకుకి తెలీదు, పాస్‌బుక్‌లో ఆ మేరకు ఎక్కువుంటుంది, కలుపు. మనం జమ చేసిన 5,000 చెక్కు ఇంకా వసూలవ్వలేదు, మనం పెంచేశాం, బ్యాంకు పెంచలేదు, తియ్యి. బ్యాంకు ఛార్జీలు 250 కోసేసింది, మనకే తెలీదు, తియ్యి. ఒక కస్టమర్ నేరుగా అకౌంట్లో 3,000 వేశాడు, మనం రాసుకోలేదు, కలుపు. పాస్‌బుక్ బ్యాలెన్స్ 32,750. పాస్‌బుక్‌తో మొదలెడితే గుర్తులన్నీ తిరగేసుకో. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకోవడం) అంటే భయపడతారెందుకో నాకర్థం కాదు, మైనస్ 27,000తో మొదలెట్టి అవే కలుపు అవే తీసెయ్, మైనస్ 21,250 వస్తుంది, అంటే పాస్‌బుక్ ప్రకారం ఓవర్‌డ్రాఫ్ట్ 21,250. రూల్ మారలేదు.

కన్ఫ్యూజన్ అసలు ఎక్కణ్ణుంచి వస్తుందంటే ఫోన్ మెసేజ్ నుంచి. డబ్బులొస్తే "మీ అకౌంట్ క్రెడిట్ అయింది" అని బ్యాంకు పంపుతుంది, క్లాసులోనేమో వచ్చేది డెబిట్ అంటారు. రెండూ కరెక్టే, మెసేజ్ బ్యాంకు పుస్తకంలోది, వాళ్ళకి నీ డబ్బు అప్పు కాబట్టి క్రెడిట్, నీ పుస్తకంలో అదే ఆస్తి కాబట్టి డెబిట్. అందుకే క్యాష్‌బుక్ డెబిట్ బ్యాలెన్సూ పాస్‌బుక్ క్రెడిట్ బ్యాలెన్సూ రెండూ డబ్బున్నట్టే. మాటల్లో మాట, ఇచ్చిన చెక్కు మూడు నెలలు దాటినా బ్యాంకుకి రాకపోతే ఇక చెల్లదు, 1 ఏప్రిల్ 2012 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆరు నెలల్ని మూడుకి తగ్గించింది. మేం ఆఫీసులో అలాంటి పాత చెక్కుల్ని బీఆర్ఎస్‌లో ఏళ్ళ తరబడి మొయ్యకుండా రివర్స్ ఎంట్రీ వేయిస్తాం.

ఎలాస్టిసిటీకి వద్దాం. నిమ్మసోడా రేటు 20 నుంచి 25కి పెరిగితే రోజుకి 100 అమ్మేవి 80 అయ్యాయి, ఇదీ నీ లెక్క. నువ్వు పాత అంకెల మీద శాతాలు తీశావు, 20 శాతం తగ్గుదలని 25 శాతం పెరుగుదలతో భాగిస్తే 0.8. నీ ఫ్రెండ్ కొత్త అంకెల మీద తీశాడు, 80 మీద 20 అంటే 25 శాతం, 25 మీద 5 అంటే 20 శాతం, 1.25 వచ్చింది. మైనస్ గుర్తు వదిలేద్దాం. పరీక్షలో రేటు ఇంత నుంచి ఇంతకి పెరిగింది అని మామూలుగా అడిగితే పాత అంకెలే బేస్, నీ 0.8కే మార్కులు. కానీ మొత్తం వ్యయ పద్ధతిలో చూడు, 20 ఇంటూ 100 అంటే 2,000, 25 ఇంటూ 80 అన్నా 2,000, ఖర్చు మారలేదు, అంటే ఎలాస్టిసిటీ 1! ఇప్పుడు మూడు జవాబులయ్యాయి.

మూడూ నిజమే. డిమాండ్ గీత సరళరేఖ అనుకో, రేటు రూపాయి మారితే పరిమాణం ఎంత మారుతుందో దాన్ని ఇక్కడ వాలు అందాం, అది 4, ఎందుకంటే రేటు 5 పెరిగితే 20 తగ్గాయి. ఏ పాయింటు దగ్గరైనా ఎలాస్టిసిటీ అంటే వాలు ఇంటూ రేటు బై పరిమాణం. 20 రూపాయల దగ్గర 4 ఇంటూ 20 బై 100, అది 0.8. 25 దగ్గర 4 ఇంటూ 25 బై 80, అది 1.25. మధ్యలో 22.50 దగ్గర 4 ఇంటూ 22.5 బై 90, సరిగ్గా 1. నువ్వు గీతకి ఒక కొసన నిలబడ్డావు, నీ ఫ్రెండ్ రెండో కొసన నిలబడ్డాడు. సరళరేఖ మీద వాలు మారదు గానీ ఎలాస్టిసిటీ ప్రతి చోటా మారుతుంది, వాలే ఎలాస్టిసిటీ అనుకునేవాళ్ళందరూ ఇక్కడే బోర్లాపడతారు. రేటు 20 నుంచి 20.10కి మారి ఉంటే మీ ఇద్దరి జవాబులూ దాదాపు ఒకటే వచ్చేవి, డెరివేటివ్ చదివావు కాబట్టి ఎందుకో తెలుసు. ఆర్క్ పద్ధతి అని స్పష్టంగా అడిగితే మాత్రం సగటు అంకెలు బేస్‌గా తీసుకో, 1 వస్తుంది.

చివరగా నీకో పని. పై బట్టల షాపు లెక్కకే ఒక అడ్జస్ట్‌మెంట్ కలుపు: ఓనరు ఇంట్లో పెళ్ళికి 4,000 ఖరీదు చేసే బట్టలు షాపులోంచి పట్టుకెళ్ళాడు, ఎక్కడా రాయలేదు. గ్రాస్ ప్రాఫిట్ 1,25,000, నెట్ ప్రాఫిట్ 51,000 రావాలి, బ్యాలెన్స్ షీట్ టోటల్ మాత్రం అదే 1,95,000 ఉండాలి. చేసి, టోటల్ ఎందుకు మారలేదో కింద రాయి, చూస్తాను.